బిభా చౌధురి: నోబెల్ గొడవలో తప్పిపోయిన ఫొటో ప్లేట్లు

నోబెల్ వారం వచ్చిందంటే చాలు, ఆ పోస్టు మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఒక బెంగాలీ అమ్మాయి బ్లాక్ అండ్ వైట్ ఫొటో, కింద నాలుగు ముక్కలు. ఈమె బిభా చౌధురి, పై-మీసాన్ అనే కణాన్ని ముందుగా కనిపెట్టింది ఈమే, సెసిల్ పావెల్ అనే ఇంగ్లిషాయన ఆ పద్ధతిని కొట్టేసి 1950లో నోబెల్ పట్టుకుపోయాడు, అందరికీ పంపండి. గంట తిరక్కముందే ఫిజిక్స్ చదువుకున్నవాళ్లెవరో దిగుతారు. ఆమె కనిపెట్టిందేమీ లేదు, ఆ ప్లేట్లతో ఆ కణాన్ని పట్టడం కుదరని పని, దేశభక్తి వేరు, ఫిజిక్స్ వేరు అని తేల్చేస్తారు. ఈసారి మా గ్రూపులో ఈ గొడవ రెండు రోజులు నడిచింది. "చౌధురి అంటే మనవాళ్లేనా?" అని అడిగిన పెద్దమనిషి కూడా ఒకరున్నారు. కాదండీ, కలకత్తా ఆవిడ.

"ఆ ప్లేట్లతో" అని రెండో జట్టు తేలిగ్గా అనేసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏ ప్లేట్లు? వేరేవి ఎందుకు వాడలేదు? ఆ ప్రశ్న పట్టుకుని వెళితే కథ నోబెల్ ఇచ్చే స్టాక్‌హోమ్‌కి పోదు. 1942లో కలకత్తా దగ్గర ఆగుతుంది.

1913లో పుట్టడం, హుగ్లీ జిల్లా జమీందారీ మూలాలు, బ్రహ్మసమాజం నీడలో పెరగడం, 1936లో కలకత్తా విశ్వవిద్యాలయం ఫిజిక్స్ ఎమ్మెస్సీ క్లాసులో ఒక్కతే ఆడపిల్ల కావడం ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం. ఒక్క ముక్క మాత్రం చెప్పి ముందుకు పోవాలి. పరిశోధనలో చేరతానని ఆమె ప్రొఫెసర్ దేబేంద్ర మోహన్ బోస్ దగ్గరికి వెళితే, ఆడవాళ్లకు తగిన ప్రాజెక్టులేవీ తన దగ్గర లేవని ఆయన వెనకాడారట. ఆమె పట్టు విడవలేదు. అప్పట్లో ఇది మామూలే. బెంగళూరులో సి.వి. రామన్ కమలా సోహోనీకి ఇదే ముఖం చూపించారు. తేడా ఏమిటంటే బోస్ తర్వాత తన పేరు పక్కన ఈమె పేరు పెట్టి పేపర్లు పంపారు.

1938లో ఆయన బోస్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ అయ్యారు, ఆమె కూడా అక్కడికి మారింది. ఆ ఏడాది సైన్స్ కాంగ్రెస్ కలకత్తాలోనే జరిగింది. దానికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ బోథేతో మాటల్లో ఫొటో ప్లేట్ల సంగతి వచ్చింది. అంతరిక్షం నుంచి ఎప్పుడూ రాలిపడే కాస్మిక్ కిరణాలను పట్టడానికి పెద్ద యంత్రాలే ఉండాలని లేదు, ఫొటోలు తీసే గాజు ప్లేటు చాలు అన్నది ఆ మాటల సారం. ప్లేటు మీద జిలెటిన్ పూత ఉంటుంది, అందులో సిల్వర్ బ్రోమైడ్ రేణువులు. విద్యుదావేశం ఉన్న కణం ఆ పూతలోంచి దూసుకుపోతే దారి పొడుగునా రేణువులు మార్పు చెందుతాయి. డెవలప్ చేస్తే నల్లటి చుక్కల గీత తేలుతుంది. కరెంటు అక్కర్లేదు, పక్కన మనిషి కాపలా ఉండక్కర్లేదు. పేద ల్యాబుకి ఇంతకంటే ఏం కావాలి?

వాళ్లకు దొరికినవి ఇల్‌ఫర్డ్ కంపెనీ హాఫ్‌టోన్ ప్లేట్లు. ఈ పేరు పాత ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లకు వెంటనే తడుతుంది. పత్రికలో ఫొటో పడాలంటే ఒకప్పుడు బ్లాకు చేయించాలి. ఫొటోను సన్నని గళ్ల తెరలోంచి తీసి చుక్కలుగా విడగొట్టి, దాన్నుంచి జింకు బ్లాకు చేసేవారు. ఆ చుక్కలు అంచు చెదరకుండా పడేలా తయారుచేసిన ప్లేటే హాఫ్‌టోన్ ప్లేటు. అది ప్రెస్సు సరుకు. కాస్మిక్ కిరణాల కోసం దాన్ని ఎవరూ చేయలేదు.

ఆ ప్లేట్లను డార్జిలింగ్‌లో పెట్టారు, సుమారు 7,000 అడుగుల ఎత్తు. ఇంకా పైన, నేపాల్ సరిహద్దు గట్టు మీదున్న సందక్‌ఫులో పెట్టారు, దాదాపు 12,000 అడుగులు. నెలల తరబడి అలా వదిలేసి, దించి, కలకత్తా తెచ్చి డెవలప్ చేశారు. అక్కడి నుంచి పని మైక్రోస్కోప్ దగ్గర. మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన కొలవాల్సిన గీతలు. వాటిలో చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం ఎంత, గీత ఎక్కడెక్కడ ఎంత వంకర తిరిగింది అని ఒక్కొక్కటీ రాసుకోవాలి. బరువైన ప్రోటాన్ పూతలో దాదాపు తిన్నగా పోతుంది. తేలికైన కణం రేణువుల మధ్య ఊగిసలాడుతుంది, ఆగిపోబోయే చోట మరీను. ఆ వంకరను, ఆ ఎడాన్ని కలిపి చూస్తే గీత గీసిన కణం ద్రవ్యరాశిని అంచనా కట్టవచ్చు. బిభా, బోస్ చేసింది ఇదే. 1940 నుంచి 1942 దాకా 'నేచర్' పత్రికలో వరసగా వాళ్ల పేపర్లు వచ్చాయి. ప్లేట్లలో ఆగిన కణాల్లో చాలావాటికి ప్రోటాన్ అంత బరువు లేదు, ఎలక్ట్రాన్‌కి సగటున సుమారు 200 రెట్లు ఉన్నాయి. అప్పటి భాషలో వాటి పేరు 'మీసోట్రాన్', తర్వాత మీసాన్ అన్నారు.

1942 తర్వాత ఈ వరస ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో బోస్ తర్వాతి కాలంలో తనే చెప్పారు. ఈ పని ముందుకు పోవాలంటే ఇంకా సున్నితమైన ప్లేట్లు కావాలి. ఆయన మాటల్లో ఫుల్‌టోన్ ప్లేట్లు. యుద్ధకాలపు ఆంక్షల వల్ల అవి ఇండియాలో దొరకలేదు. తర్వాత మెరుగైన ప్లేట్లు చేతికొచ్చిన పావెల్ అదే దారిలో వెళ్లి పై-మీసాన్‌ని పట్టుకున్నాడు. బోస్ చెప్పింది ఇంతే. దొంగతనం అన్న మాట ఎక్కడా లేదు. నాకు ఈ వివరణ నమ్మబుద్ధి అవుతుంది, కాస్త వివరంగా చెబుతాను.

1942 అంటే మనకు బాగా తెలిసిన సంవత్సరమే. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. డిసెంబరులో కలకత్తా మీద వేశాయి. మర్నాటి ఏడు బెంగాల్ కరువు. ఓడల్లో ఏం రావాలో, ఏం రాకూడదో లండన్ తేల్చే రోజులు. ఫొటో ప్లేటు కూడా ఇంగ్లండు నుంచి ఓడలో రావాల్సిన వస్తువే, ఇక్కడ చేసుకునేది కాదు. బియ్యమే రాని ఊరికి పరిశోధన ప్లేట్లు తెప్పించడం ఎవరి చేతిలో ఉంది? గ్లామర్ లేని కారణం ఇది. అందుకే కాబోలు, పోస్టుల్లోకి ఎక్కదు.

అదే సమయంలో, అదే ఇల్‌ఫర్డ్ కంపెనీ ఇంగ్లండులో ఏ దారి పట్టిందో చూస్తే పోలిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యుద్ధం ముగిసే వేళకు అణు పరిశోధన మీద ప్రభుత్వాలకు ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. సర్కారు ప్రోత్సాహంతో ఇల్‌ఫర్డ్, కొడాక్ కంపెనీలు కణాలను పట్టడానికే ప్రత్యేకంగా కొత్త ఎమల్షన్లు, అంటే ప్లేటు మీది పూతలు, తయారుచేశాయి. సిల్వర్ బ్రోమైడ్ పాలు మామూలు ప్లేటులో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 1946లో అవి బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పావెల్ బృందం చేతికి అందాయి. పాత ప్లేటులో అక్కడొకటి ఇక్కడొకటిగా పడే చుక్కలు కొత్తదాంట్లో చిక్కటి గీతగా కనిపించాయి.

ఆ ప్లేట్లను ఫ్రాన్స్‌లో, స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లోని పిక్ దు మిది శిఖరం మీద పెట్టారు. దాని ఎత్తు 2,877 మీటర్లు. సందక్‌ఫు ఎత్తు 3,636 మీటర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కాస్మిక్ కిరణాలకు ఎత్తే ప్రాణం, పైకి వెళ్లేకొద్దీ కణాలు ఎక్కువ. కొండ విషయంలో కలకత్తావాళ్లదే పైచేయి. బ్రిస్టల్ వాళ్లు తర్వాత బొలీవియాలో 5,000 మీటర్ల పైచిలుకు ఎత్తున్న చకల్తాయకి కూడా వెళ్లారు గానీ, మొదటి ఆధారం దొరికింది పిక్ దు మిది ప్లేట్లలోనే. 1947లో ఒక ప్లేటు స్కాన్ చేస్తుంటే ఒక కణం వచ్చి ఆగడం, ఆగిన చోటు నుంచి రెండో కణం బయల్దేరడం కనిపించింది. బరువైనది పై-మీసాన్, దాన్నుంచి పుట్టిన తేలికది మ్యూఆన్. ఆ గీతను మైక్రోస్కోప్‌లో మొదట చూసింది మారియెట్టా కుర్జ్ అనే స్కానర్. నోబెల్ కథల్లో ఆమె పేరు ఎవరూ చెప్పరు, అది వేరే వ్యాసం.

ఇప్పుడు రెండో జట్టు మాటకు రావాలి, వాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. పై-మీసాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కి 273 రెట్లు, మ్యూఆన్‌ది 207 రెట్లు. బిభా, బోస్‌ల సగటు సుమారు 200. పైగా మ్యూఆన్ అమెరికాలో ఆండర్సన్, నెడర్‌మేయర్‌ల చేతిలో 1936-37లోనే బయటపడింది. మీసాన్లు రెండు రకాలని 1942లో లోకంలో ఎవరికీ తేలలేదు, కలకత్తాలోనూ తేలలేదు. కాబట్టి "పై-మీసాన్‌ని ముందు కనిపెట్టింది ఆమే" అన్న వాక్యం నిలబడదు. అంతవరకు ఒప్పుకోవాల్సిందే. కానీ నోబెల్ కమిటీ 1950లో పావెల్‌కి బహుమతి ఇచ్చింది మీసాన్ల గురించి మాత్రమే కాదు. కేంద్రక ప్రక్రియలను చదివే ఫొటోగ్రఫీ పద్ధతిని అభివృద్ధి చేసినందుకు అని ముందుగా రాసి, ఆ పద్ధతితో మీసాన్ల మీద చేసిన ఆవిష్కరణలు అని తర్వాత రాసింది. పద్ధతి దగ్గరికొచ్చేసరికి బిభా పేరు తీసేయడం కుదరదు.

కుదరదని చెప్పింది నేను కాదు, పావెల్. 1959లో ఫౌలర్, పెర్కిన్స్‌లతో కలిసి ఆయన రాసిన పెద్ద పుస్తకంలో ఈ ఇద్దరి ప్రస్తావన ఉంది. గీత వంకరను బట్టి ప్రోటాన్‌నీ మీసాన్‌నీ వేరుచేయవచ్చని 1941లో బోస్, చౌధురి చూపించారని రాశాడు. వాళ్ల పద్ధతికి భౌతికశాస్త్ర ఆధారం సరైనదేనని, ఎమల్షన్‌లో గీతలను చూసి కణాల ద్రవ్యవేగం కట్టే దారిలో మొదటి అడుగు వాళ్లదేనని రాశాడు. కొట్టేసినవాడు పుస్తకంలో పేరు రాసి మరీ ఒప్పుకుంటాడా? దొంగతనం వాదన చేసేవాళ్లు ఈ పేజీ చదవలేదు. 'ఏమీ చేయలేదు' అనేవాళ్లూ చదవలేదు.

ఈ పద్ధతికి తల్లివేరు ఎక్కడుందంటే వియన్నాలో. మారియెట్టా బ్లావ్ అనే యూదు మహిళ ఏళ్ల తరబడి ఫొటో ఎమల్షన్ల మీద పనిచేసి, 1937లో హెర్తా వాంబాహర్‌తో కలిసి కాస్మిక్ కిరణం ఒక కేంద్రకాన్ని బద్దలుకొట్టిన నక్షత్రం ఆకారపు గీతలను చూపించింది. మర్నాటి ఏడు హిట్లర్ ఆస్ట్రియాను మింగాడు, ఆమె దేశం వదిలి నార్వేకి, అక్కడి నుంచి ఐన్‌స్టయిన్ సాయంతో మెక్సికోకి వెళ్లిపోయింది. భౌతికశాస్త్రవేత్త ష్రోడింగర్ ఆమెను నోబెల్‌కి ప్రతిపాదించాడు కూడా. రాలేదు. ఒకే పద్ధతి మీద ముందు పనిచేసిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకామెను నాజీలు తరిమారు, ఒకామెకు ప్లేట్లు అందలేదు. యుద్ధం అయ్యాక ప్లేట్లూ ల్యాబూ జీతగాళ్లూ అన్నీ ఉన్నచోట పంట చేతికొచ్చింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటుంది. బ్రిస్టల్‌లో ఆ గీత కనిపించిన 1947లో బిభా ఎక్కడుంది? ఇంగ్లండులోనే. 1945లో ఆమె మాంచెస్టర్‌లో ప్యాట్రిక్ బ్లాకెట్ ల్యాబులో చేరింది. అన్ని 'నేచర్' పేపర్లున్నా చేతిలో డాక్టరేట్ లేదు, మళ్లీ విద్యార్థిగా మొదలుపెట్టాలి. అక్కడ పని వేరు. కణాల దారి ఆవిరిలో గీతగా కనిపించే క్లౌడ్ చాంబర్లు, గాలి జల్లులు, అంటే ఒక్క కాస్మిక్ కణం వాతావరణాన్ని తాకి వేల కణాలుగా కురవడం. ఎమల్షన్ల ఊసు లేదు. తను కలకత్తాలో మొదలుపెట్టిన పద్ధతి ప్రపంచ వార్త అయినప్పుడు ఆమె అదే దేశంలో రైలు దూరంలో కూర్చుని ఇంకో సబ్జెక్టు మీద థీసిస్ రాస్తోంది. 1948 నోబెల్ ఆమె ల్యాబు పెద్ద బ్లాకెట్‌కి, 1950 నోబెల్ ఆమె వదిలేసి వచ్చిన పద్ధతి పెద్ద పావెల్‌కి. ఆ రోజుల్లో మాంచెస్టర్ పత్రిక ఒకటి ఆమెను ఇంటర్వ్యూ చేసింది. తనకు తెలిసిన మహిళా ఫిజిసిస్టులను, ఇండియాలోనైనా ఇంగ్లండులోనైనా, ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని ఆమె చెప్పింది.

ఇక ఇక్కడి సంగతి. 1949లో హోమీ భాభా ఆమెను బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకున్నారు. అక్కడి మొదటి మహిళా పరిశోధకురాలు ఆమే. 1957 దాకా ఉంది. తర్వాత అహ్మదాబాద్‌లో విక్రమ్ సారాభాయి పెట్టిన ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేస్తూ కోలార్ బంగారు గనుల ప్రయోగాల్లో పాల్గొంది. మన కుప్పం దాటితే వచ్చే గనులే అవి. చిన్నప్పుడు మా ఇంట్లో 'కేజీఎఫ్' అంటే పని దొరికే చోటు, అంతే. ఆ సొరంగాల అడుగున కాస్మిక్ కిరణాల కోసం డిటెక్టర్లు పెట్టారని, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినో అనే కణం జాడ అక్కడ దొరికిందని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. గని లోతుకు దూసుకొచ్చే మ్యూఆన్ల లెక్క ఆమె పనుల్లో ఒకటి. కొండ మీద మొదలైన మనిషి గని అడుగుకు చేరింది.

1971 డిసెంబరు 30న సారాభాయి పోయారు. మౌంట్ ఆబూలో రేడియో తరంగాల ద్వారా గాలి జల్లులను గమనించే ప్రయోగం ఒకటి ఆమె మనసులో ఉండింది. దానికి ఆమోదం రాలేదు. స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలి కలకత్తా వెళ్లిపోయింది. జీతం లేకపోయినా సాహా ఇన్‌స్టిట్యూట్‌లాంటి చోట్లకి వెళ్తూ పని మానలేదు. 1990లో కూడా పేపరు అచ్చయింది. 1991 జూన్ 2న మరణించింది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీల్లో ఏ ఒక్కదానికీ ఫెలో కాదు. చెప్పుకోదగ్గ జాతీయ పురస్కారం ఒక్కటీ లేదు. సంస్థలు ఈ విషయంలో ఏమంటాయంటే, అప్పట్లో పద్ధతి అది.

2018లో ఇద్దరు పరిశోధకులు ఆమె జీవితచరిత్ర అచ్చువేశారు. పోస్టుల్లో తిరిగే సమాచారంలో చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే, తిరిగి తిరిగి రూపు మారింది. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక నక్షత్రానికి 'బిభా' అని పేరు పెట్టింది. మామూలు కంటికి కనిపించని నక్షత్రం. మనం విభ అంటాం, అర్థం కాంతి. దాని చుట్టూ రెండు రోజులకో చుట్టు చొప్పున తిరిగే గ్రహం పేరు 'సంతమస'. మబ్బు కమ్మినది అన్న అర్థంలో పెట్టామన్నారు. అమరకోశం వల్లెవేసినవాళ్లకు "విష్వక్ సంతమసం" గుర్తుండే ఉంటుంది, అన్నివైపులా పరుచుకున్న చీకటి. పేరు పెట్టినవాళ్లకు అంత ఉద్దేశం ఉండకపోవచ్చు.

ఆమె పనిని వెతకాలనుకునేవారికి ఒక చిన్న ఇబ్బంది. ఇంగ్లిషులో ఆమె ఇంటిపేరు 'నేచర్' పేపర్లలో ఒకలా ఉంది, పావెల్ పుస్తకంలో ఇంకోలా, ఇప్పుడు వాడుకలో ఉన్నది మరోలా. ఒక స్పెల్లింగు కొడితే మిగతా రెండూ రావు. ఈ వారం నాకొచ్చిన పోస్టులో విభా చౌదరి అని ఉంది.